విశాఖలో ఏది కొట్టులో కొనాలి, ఏది ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి?

ఇంట్లోకి ఏదైనా కొనాలనుకోగానే ముందు చేతికొచ్చేది ఫోను. అందులో ఒక ధర కనిపిస్తుంది, జగదాంబలో షోరూం వాళ్లు ఇంకో ధర చెబుతారు. రెండింటికీ ఐదొందలో వెయ్యో తేడా ఉంటుంది. చాలామందికి నిర్ణయం అక్కడే అయిపోతుంది. నన్నడిగితే ధర సంగతి తర్వాత. ముందు మిమ్మల్ని మీరు అడగాల్సింది ఇది: ఈ వస్తువు ఇంటికొచ్చాక దీనికోసం నాకు ఎవరి అవసరం పడుతుంది? బిగించే మనిషా, బాగుచేసే మెకానిక్కా, ఫాల్ కుట్టే టైలరా, ఎవరూ అక్కర్లేదా? దీనికి జవాబు దొరికిందంటే ఎక్కడ కొనాలో సగం తేలిపోయినట్టే. మిగతా సగానికి ఏం చెయ్యాలో వరసగా చెబుతాను.

1. వస్తువు ఏ కోవలోకి వస్తుందో చూడండి

కొన్ని ఎక్కడ కొన్నా ఒకటే. పెన్ డ్రైవ్, ఫోన్ కవరు, మోడల్ నంబరు తెలిసిన ప్రింటర్ ఇంకు, పోటీ పరీక్షల పుస్తకం, ఊళ్లో దొరకని విడిభాగం ఇలాంటివి. వీటికోసం ఎండలో బండేసుకుని తిరగక్కర్లేదు. ఎక్కడ తక్కువకి వస్తే అక్కడ తీసుకోండి.

కొన్ని కంటితో చూసి, చేత్తో పట్టుకుని కొనాల్సినవి. చీరలు, చెప్పులు, పరుపులు, కళ్లజోడు ఫ్రేములు, స్టీలు గిన్నెలు. గిన్నె మందం ఎంతో ఫొటోలో తెలీదు, పూర్ణా మార్కెట్‌లో చేతిలోకి తీసుకుంటే క్షణంలో తెలుస్తుంది.

ఇక మూడోవి, కొన్న తర్వాత మనిషి ఇంటికి రావాల్సినవి. ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, వాటర్ ప్యూరిఫయర్, ఇన్వర్టర్. వీటిలో ఐదొందలు కలిసొస్తుందని ఆన్‌లైన్‌కి వెళ్లొద్దనే నేను గట్టిగా చెబుతాను. రెండేళ్ల తర్వాత ఏప్రిల్ ఎండల్లో ఫ్రిజ్ ఆగిపోతే, నంబరు నొక్కండి, భాష ఎంచుకోండి అనే కాల్ సెంటర్ కన్నా, "రేపు పొద్దున్న మా కుర్రాణ్ణి పంపిస్తానండి" అనే మనిషి విలువ తెలుస్తుంది. తప్పదు, ఆన్‌లైన్‌లోనే కొనాలంటే ఆర్డర్ పెట్టకముందే ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి, మీ పేటకి టెక్నీషియన్ వస్తాడో లేదో కనుక్కోండి. పిన్‌కోడ్ వేస్తే డెలివరీ ఉందని చూపించినంత మాత్రాన సర్వీస్ కూడా ఉన్నట్టు కాదు. ఆనందపురం, పెందుర్తి, భీమిలి వైపు ఉండేవాళ్లు ఇది తప్పకుండా అడగాలి.

2. స్క్రీన్ మీది ధర పక్కన పెట్టి, అసలు ఎంత పడుతుందో రాసుకోండి

కాగితం తీసుకుని రాయండి. వస్తువు ధర, డెలివరీ చార్జీ, ప్లాట్‌ఫాం ఫీజు, బిగింపు ఖర్చు. అందులోంచి మీ కార్డుకి నిజంగా వర్తించే తగ్గింపు తీసెయ్యండి. పది శాతం అని పెద్దక్షరాల్లో ఉంటుంది, గరిష్ఠంగా ఇంతే అని కింద చిన్నక్షరాల్లో ఉంటుంది. ఆ కిందిదే చూడండి.

ఏసీ విషయంలో ఈ లెక్క చాలా మారిపోతుంది. ఏసీ ఒక్కటే వస్తుంది. గోడకి స్టాండు, ఎక్కువ పొడవు కావాలంటే రాగి పైపు, గోడకి కన్నం, అవసరమైతే స్టెబిలైజర్, అన్నిటికీ విడిగా కట్టాలి. పైపు సాధారణంగా మూడు మీటర్లే ఇస్తారు, ఆపైన మీటరుకింత అని వేస్తారు. బయట పెట్టే యూనిట్ గదిలోని యూనిట్ నుంచి ఎంత దూరంలో ఉంటుందో టేపుతో కొలుచుకోండి. అప్పుడు ఆన్‌లైన్ ధరా షోరూం ధరా పక్కపక్కన పెడితే తేడా చాలాసార్లు కరిగిపోతుంది.

మన ఊరికే ప్రత్యేకమైన సంగతి ఇంకొకటి ఉంది, ఉప్పుగాలి. పెదవాల్తేరు, లాసన్స్ బే, బీచ్ రోడ్డు, ఎంవీపీ కాలనీలో సముద్రం వైపున్న ఇళ్లలో బయటి యూనిట్ మామూలు కన్నా త్వరగా తుప్పు పడుతుంది. కాయిల్ రాగిదా అల్యూమినియందా, తుప్పు పట్టకుండా పూత ఉందా అని అడగండి. స్టాండుకి మామూలు ఇనప బోల్టులు వెయ్యనివ్వొద్దు, స్టెయిన్‌లెస్ స్టీలువి వెయ్యమనండి. ఇక్కడ ఏళ్ల తరబడి ఏసీలు బిగిస్తున్న మనిషికి మీరు చెప్పకుండానే ఇది తెలుస్తుంది. ఎక్కడో గోడౌన్ నుంచి పార్సిల్ పంపే సెల్లర్‌కి ఇది పట్టదు.

నో కాస్ట్ ఈఎంఐ అన్నది చూసి తొందరపడకండి. వడ్డీని ముందే తగ్గింపుగా చూపించి సర్దుతారు కానీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ మీ కార్డు బిల్లులోకే వస్తాయి. ఒకేసారి కడితే ఎంతకిస్తారో కూడా అడిగి చూడండి.

3. ఏ రోజు, ఏ వేళ వెళ్లాలి

షాపింగ్‌కి ఆదివారం సాయంత్రం జగదాంబ వైపు వెళ్లడమంటే సగం ఓపిక పార్కింగ్ దగ్గరే అయిపోతుంది. మామూలు రోజు పొద్దున్న పదకొండు ప్రాంతంలో వెళ్లండి. కొట్టువాళ్లు తీరిగ్గా ఉంటారు, అడిగినవన్నీ దించి చూపిస్తారు. పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్ వైపు పనుంటే మార్గశిర మాసంలో గురువారం పెట్టుకోవద్దు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వచ్చే జనంతో వన్‌టౌన్ సందులన్నీ నిండిపోతాయి.

పట్టుచీరలు తొందర లేకపోతే ఆషాఢం దాకా ఆగండి. పెళ్లిళ్లు లేని నెల కాబట్టి బట్టల కొట్లు స్టాకు కదిలించుకోవాలని చూస్తాయి. ఫ్రిజ్జులూ టీవీలూ అయితే దసరా, దీపావళి. ఆ రోజుల్లో ఆన్‌లైన్ సేల్ జరుగుతుంటే ఊళ్లో షోరూములు కూడా ధర దించుతాయి. మీకు కావాల్సిన మోడల్ ధర నెల ముందే రాసిపెట్టుకుంటే, సేల్‌లో చూపించే తగ్గింపు ఎంత నిజమో ఇట్టే తెలిసిపోతుంది.

4. బేరం ఆడండి, పద్ధతిగా

ఫిక్స్‌డ్ రేట్ బోర్డు ఉన్నచోట ఆడొద్దు. మిగతా చోట్ల మొహమాటం అక్కర్లేదు. ఎంఆర్‌పీ అంటే అన్ని పన్నులూ కలిసిన గరిష్ఠ ధర. అంతకు మించి అమ్మితే నేరం, తగ్గించి అమ్మడానికి అడ్డేమీ లేదు.

మీరు రాసుకున్న మొత్తం చూపించి సూటిగా అడగండి. "ఆన్‌లైన్‌లో అన్నీ కలిపి ఇంత పడుతోందండి. మీరు బిల్లుతో ఎంతకిస్తారు?" మిక్సీ అయితే జవాబు చాలాసార్లు ఇలా ఉంటుంది: "అంతకి మాకే రాదు మేడం, ఇంకో జారు వేసిస్తాను." అక్కడ పట్టుకోండి. ధర దిగకపోతే, ఏసీ అయితే స్టాండు ఉచితంగా అడగండి, పాత వస్తువు ఎక్స్ఛేంజ్‌లో తీసుకోమనండి, మూడో అంతస్తుకి మోసి పెట్టమనండి. వాళ్ల చేతిలో ఉన్నవి అవే.

బిల్లు లేకుండా తీసుకుంటే ఇంకొంత తగ్గిస్తాం అంటే మాత్రం ఒప్పుకోకండి. బిల్లు లేకపోతే వారంటీ లేదు, రేపు ఫిర్యాదు చేద్దామన్నా చేతిలో ఏమీ ఉండదు.

కొట్టులో వస్తువు ఎలా చూసుకోవాలో మిక్సీతో చెబుతాను. డబ్బా సీలు మీ ముందే తీయించండి. జారు ఎత్తి అడుగున ఉన్న కప్లర్‌ని, అంటే జారుని మోటారుకి కలిపే ముక్కని, వేలితో తిప్పండి. బ్లేడు పట్టేసినట్టు కాకుండా సాఫీగా తిరగాలి. మూత బిగించి, రబ్బరు గాస్కెట్ చుట్టూ సమానంగా కూర్చుందా చూడండి. జారులో సగం నీళ్లు పోయించి ఆడించమనండి. తర్వాత జారు తీసి దాని అడుగున తడి వేలు తగులుతుందేమో తడమండి. ఒక్క చుక్క కనిపించినా ఇంకో పీసు తీయించండి. ఆడుతుండగా మిక్సీ మీద అరచెయ్యి ఆనించండి. కాస్త అదురు మామూలే, బల్ల మీద జరిగిపోతుంటే అడుగు కాళ్లు సరిగ్గా లేనట్టు. కొత్త మోటారుకి మొదట్లో కాస్త వాసన వస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదు. చివరిగా ఒక్క మాట అడగండి: కప్లర్, గాస్కెట్ విడిగా మీ దగ్గరే దొరుకుతాయా అని. ముందు పోయేవి ఆ రెండే. దొరుకుతాయి అన్న కొట్టులో రెండొందలు ఎక్కువైనా నేను అక్కడే కొంటాను.

ఇక్కడే ఇంకో మాట. షోరూంలో గంటసేపు నాలుగు టీవీలు పెట్టించి చూసి, సేల్స్ కుర్రాడి చేత అన్నీ చెప్పించుకుని, బయట మెట్ల మీదే నిలబడి ఫోన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. అది సబబు కాదు. చూసింది అక్కడైతే కనీసం మీ ధర చెప్పి, వాళ్లకి ఒక అవకాశం ఇవ్వండి. ఆ కొట్టు నాలుగేళ్ల తర్వాత కూడా ఉండటం మనకే అవసరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటు పోయింది, సిగ్నల్ పోయింది, కార్డులు గీకే దారి లేదు. మా వీధిలో అప్పుడు బియ్యం, కొవ్వొత్తులు ఖాతా రాసుకుని ఇచ్చింది మూలనున్న కిరాణా కొట్టాయనే.

5. చీరలు, బొమ్మలు, బంగారం

చీర రంగు ట్యూబులైట్ కింద ఒకలా, పగటి వెలుతురులో ఒకలా ఉంటుంది. గుమ్మం దాకా తీసుకెళ్లి చూస్తానని అడగండి, ఎవరూ కాదనరు. మడత మొత్తం విప్పించి, మధ్యలో పోగులు లాగేశాయేమో, కొంగు దగ్గర మరకలున్నాయేమో చూడండి. పట్టు అంటే సిల్క్ మార్క్ ట్యాగ్ ఉందా, చేనేత అంటే హ్యాండ్లూం మార్క్ ఉందా అని అడగండి. ఫాల్, పీకో ఎవరు చేయిస్తారో కూడా అప్పుడే తేల్చుకోవాలి. రోజూ కట్టే సింథటిక్ చీరలైతే ఆన్‌లైన్‌లో తీసుకున్నా నష్టం లేదు, వాపసు సదుపాయం ఉందో లేదో చూసుకుంటే చాలు.

ఏటికొప్పాక బొమ్మలు ఎవరికైనా కానుకగా ఇద్దామనుకుంటే చూసే కొనండి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఊరది. అంకుడు కర్రని లేత్ మీద తిప్పి చెక్కి, చెట్ల నుంచి తీసిన రంగులు కలిపిన లక్క పూస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆన్‌లైన్‌లో చెక్కబొమ్మ అని రాసి ఉన్న ప్రతిదీ ఏటికొప్పాకది కాదు. రాష్ట్ర హస్తకళల సంస్థ నడిపే లేపాక్షి షోరూంలో తీసుకోవచ్చు. వీలైతే ఒక పూట ఆ ఊరికే వెళ్లి, చేసినవాళ్ల చేతి నుంచి కొనుక్కోండి.

బంగారానికి ఒకే నియమం. కురుపాం మార్కెట్‌లో కొన్నా, వెబ్‌సైట్‌లో కొన్నా నగ మీద అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం ఆరుండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ కోడ్ కొట్టి, కొట్టులో ఉండగానే సరిచూసుకోండి. నగ బరువు, రాళ్ల బరువు, మజూరీ బిల్లులో విడివిడిగా రాయించుకోవాలి.

6. వంటింటి సరుకులు

కూరగాయలకి ఎంవీపీ, సీతమ్మధార, కంచరపాలెం రైతు బజార్లు ఉన్నాయి. ధరల పట్టిక బోర్డు మీద రాస్తారు కాబట్టి బేరం టెన్షన్ లేదు. పొద్దున్నే వెళ్లండి. పది నిమిషాల డెలివరీ యాప్‌లు కొత్తిమీర మర్చిపోయినప్పుడు అక్కరకొస్తాయి, నెల మొత్తం కూరలకి వాటినే నమ్ముకుంటే ఏరుకునే వీలుండదు. చేపలకి ఫిషింగ్ హార్బర్. మొప్పలు ఎర్రగా, కళ్లు ఉబ్బెత్తుగా, నొక్కితే కండ వెనక్కి వచ్చేలా ఉండాలి.

పప్పులు, రవ్వ, పిండ్లు ఐదేసి కిలోలు కొంటే తక్కువ పడుతుందని యాప్ ఊరిస్తుంది. మన ఊరి తేమకి రవ్వ ఆర్నెల్లు ఆగదు, పురుగు పడుతుంది. నెలకి సరిపడా వీధి కొట్టులోనే తెచ్చుకోండి. కాటా దగ్గర సున్నా చూపించాకే సరుకు వెయ్యమనండి. స్వీట్ల కొట్టులో అట్టపెట్టె బరువు మిఠాయి బరువులో కలపకూడదు, అది విడిగా తీయించాలి. ప్యాకెట్ సరుకుల మీద పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు ఎక్కడ కొన్నా చూడాల్సిందే.

ఇన్సులిన్ లాంటి మందులు మాత్రం పక్క మెడికల్ షాపులోనే తీసుకోండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాల్సినవి అవి. కొట్టువాడు ఫ్రిజ్‌లోంచి తీసివ్వడం మీరు కళ్లారా చూస్తారు.

7. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేటప్పుడు

ముందు అమ్మేదెవరో చూడండి. వెబ్‌సైట్ పేరు వేరు, అందులో అమ్మే సెల్లర్ వేరు. సెల్లర్ పేరు, చిరునామా, వస్తువు ఏ దేశంలో తయారైందో, వాపసు నియమాలేంటో చూపించాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. అవి కనిపించకపోతే ఆ పేజీ మూసెయ్యండి. రివ్యూల్లో ఐదు చుక్కలవి వదిలేసి రెండు, మూడు చుక్కలవి చదవండి, అసలు లోపాలు అక్కడే రాస్తారు.

"ఇంకా రెండే మిగిలాయి" అని గడియారం తిరుగుతుంటే కంగారు పడొద్దు. లేని తొందర పుట్టించడం, మీకు తెలీకుండా బుట్టలో ఇన్సూరెన్సో విరాళమో చేర్చడం, చివరి పేజీలో కొత్త చార్జీలు బయటపెట్టడం, ఇవన్నీ 2023 నవంబరులో కేంద్రం నిషేధించిన పద్ధతుల్లో ఉన్నవే. డబ్బు కట్టే ముందు బుట్టలో ఒక్కో వరసా చదవండి.

పార్సిల్ వచ్చాక వీడియో తీయడం మానొద్దు. ఒకళ్లు ఫోన్ పట్టుకోవాలి, ఒకళ్లు విప్పాలి. ముందు చిరునామా చీటీ, తర్వాత డబ్బా ఆరు వైపులా, తర్వాత టేపు కోయడం, ఆపకుండా ఒకే వీడియోలో రావాలి. ఓపెన్ బాక్స్ డెలివరీ (తెచ్చినవాడే మీ ముందు విప్పి చూపించేది) అయితే వస్తువు కళ్లతో చూసేదాకా ఓటీపీ చెప్పొద్దు. ఫోను కొన్నట్టయితే *#06# నొక్కి వచ్చిన ఐఎంఈఐ (ఫోను గుర్తింపు) నంబరు డబ్బా మీదా, బిల్లులోనూ ఒకటేనా అని చూడండి. KYM అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు, ఖాళీ వదిలి ఆ నంబరు కలిపి 14422కి ఎస్ఎంఎస్ పంపితే ఆ ఫోను వివరాలు వస్తాయి.

కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకొద్దు. యాప్ లోపల ఉన్నదే వాడండి. "మీ పార్సిల్ ఆగిపోయింది, ఐదు రూపాయలు కట్టండి" అని లింకు వస్తే ముట్టుకోవద్దు. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపించే అవకాశం అంత ఎక్కువ.

8. తేడా వస్తే

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు మీద అచ్చేసి ఉంటుంది. దాన్ని చూసి వెనక్కి రాకండి. లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. రంగు నచ్చలేదని తీసుకెళ్తే మాత్రం కొట్టాయన దయే, చట్టం సాయం రాదు. ఈ మాట కొట్టులో గొంతు పెంచకుండా చెప్పండి, చాలావరకు అక్కడే పరిష్కారమవుతుంది.

ఆన్‌లైన్ కంపెనీ అయితే యాప్‌లో ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకోండి. వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసరు 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. అక్కడ తేలకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా, గురుగ్రామ్‌లో ఉన్నా మీరు ఉండేది విశాఖ కాబట్టి ఇక్కడే కేసు వెయ్యొచ్చు. వస్తువుకి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్లలోపు వెయ్యాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చెయ్యొచ్చు. కావాల్సిన కాగితాలు బిల్లు, డబ్బు కట్టిన ఆధారం, మీరు పంపిన మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, పార్సిల్ వీడియో. థర్మల్ కాగితం బిల్లులు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి, అందుకే కొన్న రోజే వాటిని ఫొటో తీసి ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి.